యోగ్యులు కావలెను

యోగ్యుడైన పేద విద్యార్థి ఈ ఏడు కూడా దొరకనందుకు మిక్కిలి చింతిస్తున్నామని కమిటీ ప్రకటించింది. పందొమ్మిదేళ్లుగా కమిటీ చింతిస్తూనే ఉంది. చింతించడానికి దానికి సొంత భవనం, ఏడు మెత్తటి కుర్చీలు, సభ్యులకు నెలనెలా గౌరవ వేతనం, అన్వేషణ నిమిత్తం ఒక కారూ ఉన్నాయి.

ఈ ఏర్పాటంతా ఒక తాళాల వ్యాపారి పుణ్యం. ఎకనామిక్స్ చదివే ఒక్క పేద విద్యార్థిని వెతికి, చదువు పూర్తయ్యేదాకా ఖర్చంతా భరించాలని ఆయన వీలునామా రాశాడు. వెతకడానికి ఏడుగురిని నియమించాడు. విద్యార్థి దొరికిన మర్నాడు కమిటీ రద్దు కావాలని, మిగిలిన సొమ్ము గ్రంథాలయానికి పోవాలని కూడా రాశాడు. తాళాలు చేసిన మనిషి కదా, పని అయ్యాక తలుపు వేసెయ్యాలని ఆయనకి తెలుసు. లోపల కూర్చున్నవాళ్ల సంగతే ఊహించలేకపోయాడు.

ఇరవయ్యో ఏట ఆ భవనం మెట్లెక్కింది గిరాకీ. కాలేజీ రిజిస్టరులో ఆ అమ్మాయికి వేరే పేరుంది. ఎకనామిక్స్‌లో చేరాక ఏం మాట్లాడినా గిరాకీ, సరఫరా అంటూండటంతో వీధివాళ్లు ఈ పేరు ఖాయం చేశారు. తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. నెలాఖరులోగా ఆఖరి ఏడాది ఫీజు కట్టకపోతే గిరాకీని పరీక్షకి కూర్చోనివ్వరు. అప్పటికే ఆ పిల్ల మూడు స్కాలర్‌షిప్పుల గుమ్మాలు తొక్కి వచ్చింది. ఒకటి కవల పిల్లలకి మాత్రమేనట. ఇంకోటి, అంతకుముందు స్కాలర్‌షిప్పు అందుకున్న అనుభవం ఉన్నవాళ్లకేనట. మూడోది నిరుపేదలకే గానీ, ఆ పేదరికానికి ఇద్దరు ధనవంతులు హామీ ఉండాలట.

దరఖాస్తు ఫారం అడగగానే గుమస్తా గతుక్కుమన్నాడు. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, బ్యాంకు లోను పెట్టుకోకూడదా అని తండ్రిలాగా సలహా చెప్పాడు.

"లోనుకి ఇల్లు తాకట్టు పెట్టమంటున్నారండీ. ఇల్లే ఉంటే ఇక్కడికెందుకొస్తాను?" అంది గిరాకీ.

ఆ సాయంత్రమే కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. మర్నాడు కారు గిరాకీ ఇంటిముందు ఆగింది. ఇద్దరు సభ్యులు ఆ ఒంటిగదిని క్షుణ్ణంగా పరిశీలించి, గోడ గడియారం ఉన్న ఇంట్లో పేదరికం అనుమానాస్పదమని రాసుకున్నారు. సంగతి తెలిసి తల్లి గడియారం తీసి పక్కింట్లో పెట్టింది.

"గడియారం తీస్తే పేదవాళ్లమవుతామని తెలిస్తే ఎప్పుడో తీసేదాన్ని కదే" అని నొచ్చుకుంది.

రెండోసారి వచ్చిన సభ్యులు బోసిగోడలు చూసి, ఇంతటి దారిద్ర్యంలో మనసు చదువు మీద నిలవదని తేల్చారు. మార్కులు నూటికి తొంభై ఆరు ఉండటం చూసి బట్టీ పట్టి ఉంటుందన్నారు. అయినా కమిటీ న్యాయానికి కట్టుబడినది గనక ఆఖరి అవకాశంగా వ్యాసరచన పెట్టింది. అంశం: పందొమ్మిదేళ్లుగా యోగ్యులెందుకు దొరకడం లేదు?

అప్పటికి ఫీజు గడువు మూడు రోజులుంది. గిరాకీకి ఒళ్లు మండింది. కాగితం రెండోవైపు తిప్పకుండా ఒక్క పేజీలో ముగించి, అధ్యక్షులవారు చదవమంటే నిలబడి చదివింది.

"వెతికినంతకాలం జీతమిచ్చి, దొరికిన రోజున ఉద్యోగం పీకేస్తామంటే ఎవరికీ ఏదీ దొరకదు. ఇదే షరతు మీద సూర్యుణ్ణి వెతకమని ఏడుగురిని పెట్టినా, మిట్టమధ్యాహ్నం పైకి చూసి, ఎక్కడా కనబడలేదని నివేదిక ఇస్తారు."

గిరాకీ సంచీ భుజాన వేసుకుంది. రిటైర్డ్ జడ్జి అయిన అధ్యక్షులవారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, లేచి నిలబడి ప్రసంగించారు.

"అమ్మాయీ, ఈ కమిటీని ఇంత లోతుగా అర్థం చేసుకున్నవాళ్లు కమిటీలోనే లేరు. నువ్వు ముమ్మాటికీ యోగ్యురాలివి. అందుకే స్కాలర్‌షిప్పిచ్చి నిన్ను పోగొట్టుకోలేం."

కిందటేడు ఒక సభ్యుడు కాలం చేయడంతో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోమన్నారు. రెండు నెలల గౌరవ వేతనంతో ఏడాది ఫీజు కట్టెయ్యవచ్చు. చిక్కల్లా ఒక్కటే: అన్వేషణ వేళలు పది నుంచి అయిదు, కాలేజీ వేళలూ అవే.

ఈ మాట విని తల్లి ఇస్త్రీపెట్టె చురకలతో నల్లబడ్డ మణికట్టుకి మందు రాసుకుంటూ కూర్చుంది. గిరాకీ ఆ చేతినే చూస్తూ, మంచి ఉద్యోగం కోసమే కదా డిగ్రీ, ఉద్యోగమే ముందొస్తే డిగ్రీ దేనికి అనుకుంది. యోగ్యులు ఎవరొచ్చినా మొదటి ఓటు తనదేనని ఒట్టు పెట్టుకుంది కూడా. ఆ ఒట్టులో కల్తీ లేదు.

కమిటీ కుర్చీలో కూర్చున్న నాలుగో నెలలో ఒక దర్జీ కూతురు దరఖాస్తు పెట్టింది. ఆ వ్యాసాన్ని గిరాకీ మూడుసార్లు చదివింది. తను రాసినదానికన్నా బాగుంది. అప్పటికి తల్లి లాండ్రీ మానేసింది. చేతికి వైద్యం జరుగుతోంది. కాపురం రెండు గదుల ఇంట్లోకి మారింది. గిరాకీ చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, 'ప్రతిభ ఉంది, పరిపక్వత రావాలి' అని రాసి సంతకం పెట్టింది. సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

గుమ్మం దగ్గర దర్జీ కూతురు ఆమెను ఆపింది. "మేడమ్, నాలో ఏం తక్కువైందండీ?"

"ఏమీ తక్కువ కాలేదమ్మా" అంది గిరాకీ. కమిటీ చరిత్రలో అది మొదటి నిజం.

ఎవరో ఈ వ్యవహారమంతా పత్రికకెక్కించారు. ప్రజాగ్రహం పెల్లుబికింది. పెరిగిన బాధ్యతల దృష్ట్యా ఎనిమిదో సభ్యుణ్ణి తీసుకుంటున్నట్టు కూడా ఆ వార్త చివర్లో ఉంది. ఆ వారం స్కాలర్‌షిప్పుకి ఒక్క దరఖాస్తూ రాలేదు. ఎనిమిదో కుర్చీకి మాత్రం నాలుగు వందలు వచ్చాయి. పై నుంచి మూడోది, ఇది చదువుతున్న మీదేనట. అన్యాయాన్ని ఖండిస్తూ అందులో మీరు రాసిన రెండు పేజీలూ చాలా బాగున్నాయని గిరాకీ మేడమ్ మెచ్చుకున్నారు.