ఒక చెయ్యి వదిలితే

ఆ ఉదయం అనుకున్న ప్రకారమైతే పనులు నాలుగే. ఎనిమిదిన్నరకు టీ, తొమ్మిదికి చొక్కా ఇస్త్రీ, తొమ్మిదిన్నరకు బయల్దేరడం, పదింటికి కాలేజీలో డెమో పాఠం. పెళ్ళయి ఇరవై మూడు రోజులే అయింది కాబట్టి టీ ఇద్దరూ ఒకే కప్పులో తాగారు. రెండో కప్పు కడిగే పని తప్పుతుందన్నది పైకి చెప్పిన కారణం.

భర్త రసాయనశాస్త్రం చెప్పే తాత్కాలిక లెక్చరరు. భార్య ముందు ఆయన పాఠం చెబితే వినేవాళ్ళకు కడుపు నిండిపోతుంది. ఎంపిక చేసేవాళ్ళ ముందు నిలబడితే మాత్రం నోరు పెగలదు. పర్మినెంటు ఉద్యోగం కోసం ఇచ్చిన డెమోల్లో ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. ఇది మూడోదీ, ఆఖరిదీ.

అందుకే ఈసారి ఒక బొమ్మను నమ్ముకున్నాడు. కార్బన్లకు గుర్తుగా రెండు నల్లటి బంతులు, వాటి మధ్య రెండు స్ప్రింగులు. అదే ఇథిలీన్, ఆల్కీన్లనే రసాయన కుటుంబంలో అందరికన్నా చిన్నది. తొమ్మిదింటికి చూస్తే అందులో ఒక స్ప్రింగు ఊడి కింద పడింది.

"క్షణంలో అతుక్కునే జిగురుందిగా. మీరు రాయండి, నేను పట్టుకుంటాను" అంది భార్య, కప్పు కడిగిన తడి చేతితోనే బొమ్మ అందుకుంటూ.

బల్ల పాడవకుండా లెక్చరరు కింద ఒక పాలిథీన్ కాగితం పరిచాడు. పరిచాక దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"చూశావా, ఈ జిగురు ఈ కాగితాన్ని మాత్రం సరిగా అంటుకోదు. ఇది మన ఇథిలీనే. వేలకు వేలు ఇథిలీన్లు వరుసగా చేతులు కలిపితే ఈ కాగితం అయింది. గాలిలా ఉండేది ఇలా మడత పెట్టుకునే వస్తువయింది. ఎంత బాగుందో కదా."

"చాలా బాగుందండీ" అంది భార్య. ఆమె చూస్తున్నది కాగితాన్ని కాదు. ఆయన చూస్తున్నదీ జిగురు ట్యూబును కాదు. అది ఆయన గుప్పెట్లో నలిగి, జిగురు కొంత ఆమె చేతి మీదా కొంత కాగితం మీదా కారింది. పాఠం ముగించి, స్ప్రింగు నిలబడాలని ఆమె చేతి మీద తన చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. అర నిమిషం చాలన్నాడు గానీ, ఇద్దరూ రెండు నిమిషాలు నొక్కారు.

చేతులు జరిపి చూస్తే బొమ్మ టప్పున బల్ల మీద పడింది. అతుక్కోవలసిన స్ప్రింగు ఊడే ఉంది. ఆయన ఎడమ అరచెయ్యీ ఆమె కుడి చెయ్యీ మాత్రం ఒకటయ్యాయి.

వంటింట్లోంచి అత్తగారు వచ్చి చూశారు. "ఏంట్రా ఇది, పట్టపగలు?"

"జిగురమ్మా."

"జిగురా? జరుగు, నేను లాగుతాను." ఆవిడ ఒక చేతిని బల్ల మీద, అంటే పాలిథీన్ మీది జిగురు మడుగులో ఆనించి ముందుకు వంగారు. తర్వాత అదే చేత్తో కోడలి ఎడమ చెయ్యి పట్టి బలం కొద్దీ లాగారు. రాలేదు. తన చెయ్యి వెనక్కి తీసుకోబోయారు. అదీ రాలేదు.

"సబ్బునీళ్ళలో నానబెడితే మెల్లగా వదులుతుంది" అన్నాడు కొడుకు. "కానీ టైము తొమ్మిదీ నలభై. కాలేజీలో అసిటోను ఉంది, దాంతో త్వరగా వస్తుంది. పదండి."

"ముగ్గురమా?" అంది భార్య.

"ఒక్కణ్ణే వెళ్ళే మార్గం ఉంటే చెప్పు."

ట్యూబు మూత కనబడలేదు. ఇంట్లో వదిలేస్తే ఇంకేం అంటుకుంటుందోనని లెక్చరరు దాన్ని కుడిచేత్తో జాగ్రత్తగా పట్టుకున్నాడు. అత్తగారి ఎడమచేతిలో ఇంటి తాళం. బొమ్మకు ఎవరి చెయ్యీ ఖాళీ లేక అది ఇంట్లోనే ఉండిపోయింది.

కాలేజీ రెండు వీధుల అవతల. ఒక దీపస్తంభం దగ్గర కొడుకు కుడి పక్కకు, తల్లి ఎడమ పక్కకు వెళ్ళారు. కోడలు స్తంభం ముందు ఆగిపోయింది. "నువ్వు ఇటు రారా." "నువ్వే ఇటు రామ్మా, టైము లేదు." చివరికి ముగ్గురూ వెనక్కి నడిచి, మళ్ళీ ఒకే పక్కనుంచి వచ్చారు.

గేటు దగ్గర ప్రిన్సిపాలు ఎదురొచ్చారు. ఆయన కరచాలనం గట్టిదీ, పొడుగైనదీ. "ఏమయ్యా, ఇంటిల్లిపాదినీ తెచ్చావే? మంచిది, ధైర్యంగా చెప్పు" అంటూ లెక్చరరు కుడిచేతిని ట్యూబుతో సహా అందుకుని నలిపేశారు. "సార్, సార్" అంటూనే ఉన్నాడు లెక్చరరు. ట్యూబు ఖాళీ అయ్యాక గానీ ఆయనకు వినబడలేదు.

అటెండరు అసిటోను కోసం స్టోరు తాళంచెవి వెతకడానికి పరిగెత్తాడు. ఎంపిక కోసం బయటి ఊరినుంచి వచ్చిన నిపుణురాలు అప్పటికే క్లాసులో వెనక బెంచీ మీద ఉన్నారు. "పదయింది. పదిన్నరకు నాకు రైలుంది" అన్నారు, తలుపులోంచి వరుసగా వస్తున్న నలుగురినీ చూస్తూ.

లెక్చరరు యాభైమంది విద్యార్థుల ముందు నిలబడ్డాడు. బొమ్మ లేదు. సుద్దముక్క పట్టుకునే చెయ్యి లేదు. నోరు ఎప్పటిలాగే ఎండిపోయింది. పారిపోదామన్నా ముగ్గురిని లాక్కుపోవాలి.

"నన్ను చూడండి. పొద్దున నాకు చెప్పినట్టే చెప్పండి" అంది భార్య మెల్లగా.

ఆయన ఆమె వైపు తిరిగాడు.

"ఈ జిగురు ట్యూబులో ఉన్నంతసేపూ చిన్న చిన్న అణువులు. ఒక్కోదానిలో రెండు కార్బన్లు రెండు చేతులా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అదే ద్విబంధం. ఇథిలీన్‌లోనూ అంతే. నీ చేతి తడి తగలగానే ఒక చెయ్యి విడుస్తాయి. ఆ చేత్తో పక్కవాటిని పట్టుకుంటాయి. అవి ఇంకా పక్కవాటిని. దేన్నీ బయటికి తోసెయ్యవు, వచ్చినదాన్నల్లా కలుపుకుంటాయి. సంకలన పాలిమరీకరణం అంటే అదే."

తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆయన అడిగితే పిల్లలు బెంచీల్లో జంటలు జంటలుగా రెండు చేతులూ పట్టుకుని, మళ్ళీ ఆయన చెప్పగానే ఒక చెయ్యి వదిలి పక్క జంటను అందుకున్నారు. గొలుసు గది చుట్టూ తిరిగి వరండాలోకి వెళ్ళింది. ప్రిన్సిపాలు ఎడమచెయ్యి కూడా ఒక విద్యార్థినికి ఇచ్చి, గొలుసులో తానే మొదటివాణ్ణని చెప్పుకున్నారు.

నిపుణురాలు లేచి నేరుగా అత్తగారి దగ్గరికి వచ్చారు. "అమ్మా, మీరెప్పుడైనా కెమిస్ట్రీ చదివారా?"

"లేదమ్మా."

"ఇప్పుడు ఏం అర్థమైంది?"

"ఏముందమ్మా, ఇద్దరూ రెండు చేతులా పట్టుకుని కూర్చుంటే ఇంట్లో మూడో మనిషికి చోటుండదు. ఒక చెయ్యి వదిలితేనే నలుగురూ కలుస్తారు."

"మరి రెండో చెయ్యి?"

"అదీ వదిలేస్తే ఇంక గొలుసెక్కడిది?"

నిపుణురాలు ఫైలు మూసేశారు. "ముప్పై ఏళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నాను. ఇంత తేలికగా ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఈ అబ్బాయిని తీసుకోండి సార్" అని ప్రిన్సిపాలుకు చెయ్యి చాచబోయి, ఆలోచించి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

అప్పటికి అటెండరు అసిటోను సీసా, దూదీ పట్టుకొచ్చాడు. ముందు ప్రిన్సిపాలును విడిపించాడు, తర్వాత అత్తగారిని. ఆఖరికి కొత్తజంట దగ్గరికొచ్చి, చేతులను ఇటూ అటూ తిప్పి చూశాడు. ఎండిన జిగురు తెల్లటి పొట్టులా రాలిపడింది. చెమటకు అది ఎప్పుడో ఊడిపోయింది. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి.

అటెండరు సీసాకు మూత బిగించి, "వీళ్ళకు అసిటోను పనిచెయ్యదమ్మా" అన్నాడు అత్తగారితో.