హనుమంతు ఆగని ఐదు కిలోమీటర్లు

చెవులున్నవారు చెవులొగ్గుడు! కాళ్లున్నవారు కొంచెము సిగ్గుపడుడు! తెలంగాణ రాష్ట్రము పుట్టి పదేండ్లు నిండవచ్చిన కాలమున, మాఘమాసమున, ఒకానొక ఆదివారమున, సూర్యభగవానుడింకను దుప్పటి తొలగింపని వేళ, మూసీ కాలువనీట పచ్చబడిన వరిమళ్ల నడుమ వెలసిన కేతేపల్లి గ్రామమున, జిరాక్సు యంత్రాధీశ్వరుడును, పాసుఫొటో నిర్మాణ ధురంధరుడును, నలుబది నాలుగు వత్సరముల ప్రాయమువాడును, ఉదరవైశాల్యమున ఎవ్వరికిని తీసిపోనివాడును అగు హనుమంతు అను మహావీరుడు, నీలివర్ణ పాదరక్షల దారములకు రెండేసి ముళ్లు బిగించి, సెల్‌ఫోనును దండకడియమువలె భుజమున దాల్చి, స్వగృహద్వారమున నిలిచి, దిక్కులు పిక్కటిల్లకుండ, ఇంటివారు లేవకుండ, మెల్లగా ఒక భీషణ ప్రతిజ్ఞ చేసెను.

"నేనియ్యాల ఆగ."

ఇంతేనా అని మూతి విరిచెదరేమో! విరువకుడు. ఆగకుండ ఐదు కిలోమీటర్లు ఉరుకుట ఎంతటి దుర్ఘటకార్యమో ఆ ఊరి తోవ ఎరిగినవారికే ఎరుక. పట్నమున ఉరికెడువానిని ఎవ్వడును పట్టించుకొనడు. కేతేపల్లిలో అట్లు కాదు. ఉరికెడి మనిషి కనబడెనా, వాని వెనుక కుక్కయైన ఉండవలెను, ముందు బస్సైన ఉండవలెను, రెండును లేనిచో ఎక్కడో కొంప మునిగియుండవలెను. కావున అడుగడుగున ఎవరో ఒకరు అడిగెదరు, అడిగినవారికి నిలబడి చెప్పకపోవుట మర్యాద కాదు.

మూడు నెలల క్రిందట షుగరు వచ్చెనని డాక్టరు చెప్పగా హనుమంతు వేకువ పరుగుబృందమున చేరెను. ఆ బృందమునకు నాయకుడు హైస్కూలు పీఈటీ సారు డానియల్. ఈలయే శంఖముగా, స్టాపువాచియే చక్రాయుధముగా గల ఆ పరుగుధర్మ సంస్థాపనాచార్యుడు మొదటినాడే పదకొండుగురు శిష్యులను రోడ్డువారగ నిలిపి ధర్మోపదేశము గావించెను.

"ఇనుండ్రి! ఉరికెటోనికి రూల్స్ మూడే మూడు. ఆగాల్నంటే రోడ్డు దిగి ఆగుండ్రి, నడి తొవ్వల నిలబడి ఎనుకొచ్చెటోన్ని పడగొట్టకుండ్రి. ఆగంగనే ఫోన్ల పాజ్ కొట్టుండ్రి, ఆగిన టైం దాసుకునుడు దొంగతనం. మూడోది అన్నిట్లకంటె పెద్దది. ఎవలన్న పలకరిస్తె, ఆగే ఇరాదా లేకుంటె, చెయ్యి మీదికెత్తి సాగిపోండ్రి. నోరు తెరిస్తిరా, ఊపిరి పాయె!"

గత ఆదివారము హనుమంతు ఐదు కిలోమీటర్లకు గంటా పది నిమిషములు పట్టించెను. అందు పందొమ్మిది నిమిషములు ఆగిన కాలమేనని ఫోను నిర్దాక్షిణ్యముగా చాడీ చెప్పెను. దారము ఊడెనని నాలుగుమారులు, మేకలు అడ్డము వచ్చెనని ఒకమారు, టెంటుహౌజు కరీం ఛాయి పోసెనని రెండుమారులు, పుష్పమ్మత్త తన మోకాలినొప్పి వృత్తాంతమును ఆమూలాగ్రము వినిపించెనని ఒకమారు అతడు ఆగియుండెను. డానియల్ సారు ఆ చిట్టా అందరి ముందర చదివి, "హనుమంతన్న పల్లెవెలుగు బస్సయ్యా. చెయ్యెత్తిన కాడల్ల ఆగుతడు" అనెను. అందరును నవ్విరి. హనుమంతు కూడ నవ్వెను, కాని లోలోపల చాల నొచ్చుకొనెను. ఆధారుకార్డు జిరాక్సుకు వచ్చినవారు సైతము "పల్లెవెలుగన్నా, రెండు కాపీలు" అని పిలువసాగిరి. ఆ పేరును రాలగొట్టుటకే ఈనాటి ప్రతిజ్ఞ.

తల్లి గోవిందమ్మకు మాత్రమిది నచ్చలేదు. నిమ్ము చేసి నల్లగొండ దవాఖానలో నాలుగు రోజులుండి ఆమె మొన్ననే ఇల్లు చేరినది. "ఆగితే ఏమైతది బిడ్డా? మనిషన్నంక ఆగడా?" అని దగ్గుచునే అడిగినది. వీరమాతలు యుద్ధమునకు పంపునపుడు తిలకము దిద్దుదురని వినియున్నాము. ఈమె కొడుకు బూట్లవంక చూచి నిట్టూర్చినది. వేకువన అతడు బయలుదేరుచు, నిద్రలోనున్న ఆమె మీదికి దుప్పటి లాగి, ఊపిరి ఆడుచున్నదో లేదో ఒక క్షణము చూచి మరీ గడప దాటెను.

ఇక సమరము. ఇంటినుండి కాలువ వంతెనదాక రెండున్నర, తిరిగి ఇంటికి రెండున్నర. తొలి మలుపుననే ఇరువది బర్రెలు చతురంగబలములవలె రోడ్డు నిండ నడచివచ్చెను. మునుపటి హనుమంతైనచో ఆగి, బర్రెలకు దారి యిచ్చి, కాపరితో రెండు ముచ్చట్లాడి, అప్పుడు కదలెడివాడు. నేటి హనుమంతు పొట్ట లోనికి పీల్చి, రెండు కొమ్ముల నడుమ దూరి, ఒక తోకదెబ్బ చెంపపై గ్రహించి, పేడను లంఘించి అవతల తేలెను. ఆ పరాక్రమమును చూచినవాడు లేడు. కాపరి బీడీ ముట్టించుకొనుచుండెను.

కిలోమీటరు దాటుచుండగ అసలైన గండము ఎదురయ్యెను. పాలచెంబుతో ఇంటి ముందు నిలిచిన పుష్పమ్మత్త అతనిని చూచి, ఒక్క అడుగు రోడ్డు మీదికి వచ్చి కేక వేసెను.

"హనుమంతూ! మీ అమ్మకెట్లున్నది కొడకా?"

అయ్యో, ఎంత న్యాయమైన ప్రశ్న! గోవిందమ్మయు ఆమెయు నలుబది ఏండ్లు ఒకే మడిలో నాటు వేసినవారు. నిలబడి "బాగున్నదత్తా" అనుటకు మూడు సెకండ్లు చాలును. కాని ఆ మూడు సెకండ్ల వెనుక మోకాలినొప్పి పొంచియున్నదని హనుమంతు ఎరుగును. మూడవ సూత్రము మనసున మెదలెను. అతడు నోరు బిగబట్టి, చెమటతో తడిసి ముద్దయైన ముఖమును ఆమె వైపు త్రిప్పి, కుడిచేయి నిలువున ఆకాశమునకెత్తి, సాగిపోయెను.

ఏ పరుగుశాస్త్రమును చదువని పుష్పమ్మకు ఆ సైగ ఎట్లు తోచెనో వేరుగ చెప్పవలెనా? తల్లి ఎట్లున్నదని తాను అడిగెను. కొడుకు మాట పెగలక, ముఖము నిండ నీళ్లతో, చేయి పైకి చూపెను. చెంబు చేతిలోనుండి జారి పాలు నేలపాలయ్యెను. అప్పుడే బైకుపై వచ్చుచున్న కరీంను ఆమె ఆపి, "గోవిందమ్మ పాయె తమ్మీ! పోరడు పిచ్చోని లెక్క ఉరుకుతాండు" అని గొల్లుమనెను.

కరీం మెత్తనివాడు. ఊరిలో పెండ్లికైనను చావుకైనను కుర్చీలు, శామియానా, చావుకైనచో పీనుగునుంచు ఐసుపెట్టెయు అతని టెంటుహౌజునుండియే పోవలెను. అతడు బైకును దౌడు తీయించి హనుమంతును కలిసికొని, ప్రక్కనే మెల్లగా నడుపుచు పలికెను.

"అన్నా, ఎక్కు. కాలువ అవతల మీ చెల్లెకు చెప్పబోతున్నవా? నేను దింపుతా. గిట్ల ఉరికితే నీకేమన్న అయితది."

చెల్లెలి పేరు ఏల వచ్చెనో హనుమంతుకు బోధపడలేదు. అయినను లిఫ్టు ఇయ్యజూపువారిని తిరస్కరించుట అతనికి నిత్యకృత్యమే గనుక, మరల చేయి పైకెత్తెను. కరీం తల యూపి, "సరే అన్నా, నువ్వు చెల్లెకు చెప్పు. ఇక్కడి సంగతి నాకిడిసిపెట్టు, ఫికర్ చెయ్యకు" అని బండి వెనుకకు త్రిప్పెను. ఏ సంగతియో అని హనుమంతు ఒక్క క్షణము అనుకొనెను గాని, ఆలోచనకు కూడ ఊపిరి ఖర్చగునని దానిని విడిచిపెట్టెను.

కాలువ వంతెనను తాకి తిరుగునప్పటికి డొక్కలో కత్తి దిగినట్లు నొప్పి లేచెను. మూడు కిలోమీటర్లు నిండిన చోటనే వేపచెట్టు నీడ, దాని క్రింద నున్నని బండ. అప్పుడు వీరుడు తన అంగములనుద్దేశించి మనసులోనే ఇట్లు గర్జించెను: "ఓ జానుద్వయమా! ఓ పిక్కలారా! జిరాక్సు యంత్రము ముందర దినమునకు పదిగంటలు నిలిచిన మీరు ఈనాడు ఒక బండను చూచి లోబడెదరా? పల్లెవెలుగను పేరుతోనే మన శేషజీవితము గడువవలెనా? కదలుడు! బండ ఎక్కడికిని పోదు, పరువే పోవును!" పిక్కలు మాట వినెను, లేదా అసలు వినిపించుకొనలేదు, ఏదైన కానిండు, అతడు ఆగలేదు.

నాలుగవ కిలోమీటరు దాటగనే ముందర పుష్పమ్మత్త కనబడెను. చెప్పులు లేవు. నొప్పి కాలును ఈడ్చుచు, ఏడ్చుచు, అతని ఇంటివైపే పోవుచుండెను. అడుగుల చప్పుడు విని వెనుదిరిగి రెండు చేతులు చాచెను.

"కొడకా! మీ అమ్మ మనల నిడిసిపెట్టి పాయె గదరా!"

ఆమె భుజము మీదుగా హనుమంతు చూచెను. దూరమున కరీం ట్రాలీ ఆటో తన వీధిలోనికి తిరుగుచుండెను. దానిమీద మడచిన శామియానా, పేర్చిన కుర్చీలు, వాని నడుమ పొడవైన ఐసుపెట్టె.

హనుమంతునకు ఫోను గుర్తులేదు, డానియల్ సారు గుర్తులేరు, పల్లెవెలుగు గుర్తులేదు. తాను లేని ముప్పావుగంటలో తల్లి కన్నుమూసినదనియే నమ్మెను. దుప్పటి లాగినపుడు పిలిచియుండవలసినది, ఒక్క మాట మాట్లాడియుండవలసినది అనునదొక్కటే తలలో తిరుగుచుండెను. అతడు పుష్పమ్మత్తను దాటెను, కూడలిని దాటెను, తన దుకాణమును దాటెను. డొక్కలో నొప్పి ఏమయ్యెనో తెలియదు. పుట్టిన తరువాత అతడు అంత వేగముగ ఎన్నడును ఉరుకలేదు.

గేటు తెరచియుండెను. ముంగిట శామియానా గుంజ ఒకటి సగము పాతియుండెను. చేత తాడు పట్టుకొని కరీం తల వంచి నిలిచియుండెను. అతని ఎదుట, అతడు తెచ్చిన కుర్చీలోనే కూర్చుండి, ఛాయి గ్లాసు చేతబట్టుకొని, గోవిందమ్మ అతనిని దులుపుచుండెను.

"ఎవల కోసం తెచ్చినవురా గీ పెట్టె? పొద్దుపొద్దుగాల నా వాకిట్ల గుంతలు తవ్వుడేందిరా?"

హనుమంతు ఆగవలసినది. ఆగలేకపోయెను. అరచుటయో, ఏడ్చుటయో, నవ్వుటయో తేలక, కాళ్లు కదలుచునే ఉండగ, తల్లి కుర్చీచుట్టు ఒక చుట్టు తిరిగెను. మరల తిరిగెను. "అమ్మా" అనెను. ఇంకను తిరిగెను.

"జర నిలబడు బిడ్డా, నాకు తల తిరుగుతాంది" అనెను గోవిందమ్మ.

ఐదవ చుట్టున భుజముమీది ఫోను పరదేశపు యాసలో పలికెను: ఐదు కిలోమీటర్లు. ఆగిన కాలము సున్న. అప్పుడు హనుమంతు మొదటి సూత్రమునకు కట్టుబడి, తోవకు అడ్డము లేకుండ గోడవారకు జరిగి, ఆగి, చతికిలబడి, బోరున ఏడ్చెను.

పుష్పమ్మత్త రొప్పుచు గేటు చేరెను. బ్రతికియున్న గోవిందమ్మను చూచి, వచ్చి పట్టుకొని, ఒళ్లంతయు తడిమి, తరువాత హనుమంతు వైపు తిరిగెను.

"నీ చెయ్యి ఇరుగ! మీ అమ్మ ఎట్లున్నదంటె మీదికి సూపెడతవారా?"

"రూలత్తా" అనెను హనుమంతు, ముక్కు చీదుకొనుచు.

ఈ సంగతి చెవిన పడి డానియల్ సారు ఈల మెడలోనుండగనే వచ్చెను. ఫోను చూచెను. ఐసుపెట్టెను చూచెను. పుష్పమ్మత్త చెప్పులులేని కాళ్లను చూచెను. తుదకు, "మూడో రూలు తప్పు. అది నా తప్పే. పెద్దోళ్లు అడిగితె ఆగాలె. ఆగిన టైం లెక్కల పట్టద్దు" అనెను. పిమ్మట హనుమంతు భుజము తట్టి, "నువ్వు ఎక్స్‌ప్రెస్ అన్నా" అని, పదకొండుగురు చదువునట్లు అప్పటికప్పుడే ఫోనులో వ్రాసెను.

దుందుభులు మ్రోగవలెను, పుష్పవృష్టి కురియవలెను. ఏవియు లేకపోయినను లోకులారా, తెలిసికొనుడు! కేతేపల్లి వీరుడు హనుమంతు, ఉదరభారమును జయించి, మహిషసైన్యమును చీల్చి, వేపనీడను ధిక్కరించి, ఆగకుండ ఐదు కిలోమీటర్లు ఉరికెను. చివరి నలుబది మీటర్లు వాకిటిలోనే ఉరికెను.

కొడుకు ఆగకుండ ఉరికిన మాట విని గోవిందమ్మ ఛాయి గ్లాసు క్రింద పెట్టెను.

"నేను సచ్చిన్నంటె గింత ఉరికినవా బిడ్డా?" అని కొడుకు చెమటను కొంగుతో తుడిచెను. "సాలు తియ్యి. లేసి కరీంకు కుర్చీలు బండ్లెక్కియ్యి."

హనుమంతు లేచెను. కుర్చీలు నలుబది. మధ్యలో ఆరుమారులు ఆగెను.