కంకి చెరిగిన మంగళవారం

ఆ మంగళవారానికి మిలో కుచేరా వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారేసరికి హార్లో కాలేజీ ఫుట్‌బాల్ మైదానానికి వెళ్ళాలి. నట్టనడుమ ఉన్న గోధుమకంకి బొమ్మను కడిగేయాలి. దాని కింద పసుపుబారిన గడ్డికి పైపైన ఆకుపచ్చ రంగు కొట్టాలి. పదింటికి గడ్డి డాక్టరు వస్తుంది, ఆమెకు చూపించాలి. మధ్యాహ్నం ఇంటికెళ్ళి భోంచేయాలి.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మైదానం మిలో చేతిలో ఉంది. నెబ్రాస్కాలో మొక్కజొన్న సైతం తల వేలాడేసే జూలై ఎండల్లోనూ అక్కడి గడ్డి దువ్విన గుర్రం వీపులా మెరుస్తుంది. బూట్లు విప్పి నాలుగడుగులు వేశాడంటే ఏ మూల నీళ్ళు తక్కువయ్యాయో అరికాలితోనే చెప్పగలడు. పొరుగూరి ఆటగాళ్ళు ఓడిపోయి వెళుతూ కూడా "పడితే దెబ్బ తగలని నేల ఇదొక్కటే" అనేవారు.

అయితే కాలేజీ క్రీడాధికారి ప్రెస్టన్ విట్లాక్‌కు ప్లాస్టిక్ గడ్డి మీద మనసు పడింది. శుక్రవారం పాలకమండలి వాళ్ళు మైదానం మీద నడిచి చూసి, ఏ గడ్డి ఉండాలో తేలుస్తారు. నడిమధ్యన మంచమంత పసుపు మచ్చ వాళ్ళ కంట పడితే మిలోకు మిగిలేది చీపురే. ప్లాస్టిక్ గడ్డికి అంతకు మించిన సేవ అక్కర్లేదు.

నిజానికి మచ్చ తప్పు గడ్డిది కాదు, కంకిది. కాలేజీ జట్లన్నీ కూటములు కట్టుకుని ఆడతాయి. హార్లో జట్టు పేరు కొంగలు, వాళ్ళు ఆడేది మధ్యమైదానాల కూటమిలో. కంకి ఆ కూటమి గుర్తు. ఏటా పొర మీద పొర రంగు కొట్టీ కొట్టీ కింద వేళ్ళకు ఊపిరాడకుండా పోయింది.

"ఈ సంగతి ఎవరితోనూ అనకు," అన్నాడు మిలో, భార్య డార్లీన్‌తో.

"ఎవరితో అంటానయ్యా, మన కోళ్ళతోనా?" అందామె. మాట నిలబెట్టుకుంది కూడా. వచ్చిన గొడవలో డార్లీన్ వాటా ఏమీ లేదు.

మైదానం గేటుకు ఎదురుగా హెర్షెల్ బ్రాండ్‌కు టైర్ల దుకాణం ఉంది. మిలోతో కలిసి చదువుకున్నవాడు. రోజూ పొద్దున్నే దుకాణం కప్పు మీద కుర్చీ వేసుకుని, మైదానాన్ని చూస్తూ కాఫీ తాగుతాడు. ఆ పొద్దున కాఫీ సగంలో ఆగిపోయింది. కంకి లేదు.

ఇంకో కాలంలోనైతే అదంత విషయం కాకపోయేది. ఆ రెండేళ్ళుగా దేశమంతటా కాలేజీలు ఉన్న కూటమిని వదిలి ఇంకో కూటమిలోకి గోడ దూకుతున్నాయి. డల్లాస్‌లో కూర్చున్న మహాతీర కూటమైతే దొరికినవాళ్ళని దొరికినట్టు చేర్చుకుంటోంది. రేపు ఎవరు ఎటు దూకుతారో లెక్క కట్టడంలో హెర్షెల్ ఉద్దండుడు. ఇంటర్నెట్‌లో అభిమానుల ఫోరంలో అతని మాటకు తిరుగు లేదు. ఏ కాలేజీ అధ్యక్షుడు ఏ ఊళ్ళో హోటల్ గది తీసుకున్నాడో ఇంట్లో కూర్చునే తేల్చగలడు. గూఢచారి శాఖ వాళ్ళు ఇతన్ని ఎందుకు పిలవలేదో మాకెప్పటికీ అంతుపట్టలేదు.

హెర్షెల్ ఫొటో తీసి ఫోరంలో పెట్టాడు. కింద రెండే ముక్కలు రాశాడు: "కంకి పోయింది." అరగంటలో మూడు వందల జవాబులు. ఉత్త శుభ్రం చేయడమేమోనని ఒకాయన అన్నాడు. వెంటనే మరొకాయన పందొమ్మిదేళ్ళ వేసవి ఫొటోలు వరసగా పేర్చి చూపించాడు. మిలో కుచేరా జూలైలో ఏనాడూ కంకిని ముట్టుకోలేదు. అంత ఓపిక ఉన్న జనం మీద ఎవరికైనా గౌరవం కలగక తప్పదు.

హెర్షెల్ రోడ్డు దాటి కంచె దగ్గరికొచ్చాడు. "ఒరేయ్ మిలో, నీకూ నాకూ యాభై ఏళ్ళ స్నేహం. కంకి ఎందుకు తీసేశావు?"

మచ్చ బయటపడుతుందని మిలో భయం. "శుక్రవారం దాకా నన్నేమీ అడక్కురా," అన్నాడు నేల చూస్తూ.

"శుక్రవారమా?"

"నోరు జారాను. వెళ్ళి టైర్లు చూసుకో."

హెర్షెల్ టైర్లు చూసుకోలేదు. ఎనిమిదింటికల్లా ఫోరంలో కొంగలు కూటమి మారే తేదీ కూడా ఖాయమైపోయింది.

పదింటికి పొలాల మీద మందు చల్లే విమానాలు దిగే చోట ఒక బుల్లి విమానం దిగింది. మాజీ పోస్టుమిస్ట్రెస్ ఒకావిడ దుర్భిణితో దాని తోక మీది నంబరు చదివి ఫోరంకు పంపింది. ఆ నంబరు డల్లాస్‌ది. అందులోంచి దిగినామె డాక్టర్ లొరీన్ ఆబ్‌షైర్. టెక్సాస్ మొత్తానికీ గడ్డి తెగుళ్ళు ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. సొంత విమానం తనే నడుపుకుంటూ తిరుగుతుంది. ఆమె తొడుక్కున్న కోటు నీలం రంగుది. మహాతీర కూటమి రంగూ అదే.

డాక్టరమ్మ మైదానం మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుంది. గొట్టం దింపి మట్టి తీసి, భూతద్దంలో చూసి, వాసన పీల్చింది. లేచి మచ్చ ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అడుగులతో కొలిచింది.

"వేళ్ళు బతికే ఉన్నాయి, మిలో. ఇంత ప్రేమగా పెంచిన గడ్డిని నేను నాలుగు రాష్ట్రాల్లో చూళ్ళేదు. ఒక్క ఏడాది ఇక్కడ రంగు పడనివ్వకు, అదే కోలుకుంటుంది."

మిలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కంచె అవతలి నుంచి హెర్షెల్ ఆ దృశ్యాన్నీ ఫొటో తీశాడు. కింద ఇలా రాశాడు: "మహాతీరం వాళ్ళు మైదానం కొలిచారు. మిలో ఏడుస్తున్నాడు."

మధ్యాహ్నానికి ఊరు మారిపోయింది. జనం మడతకుర్చీలు తెచ్చుకుని కంచె పొడవునా కూర్చున్నారు. నీలం టోపీలు, నీలం తువ్వాళ్ళు, ఒకావిడైతే నీలం కర్టెన్. బేకరీలో బన్నుల మీద నీలం క్రీము పూశారు. సముద్రం చూడాలంటే మా ఊరి నుంచి రెండు రోజులు కారు నడపాలి. అయినా సరే, అలల బొమ్మ ఉన్న చొక్కాలు సాయంత్రంలోగా అమ్ముడైపోయాయి.

విట్లాక్ తన గది కిటికీలోంచి ఇదంతా చూశాడు. అతనికేమీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇంకా కష్టం. కాలేజీ అధ్యక్షురాలు తనను పక్కనపెట్టి డల్లాస్‌తో మాట్లాడుతోందనుకున్నాడు. ఆవిడేమో విట్లాక్ తనను పక్కనపెట్టాడనుకుంది. ఇద్దరూ బుధవారమంతా వరండాలో ఎదురుపడి "వాతావరణం బాగుంది" అనుకుంటూ తప్పుకుని పోయారు.

స్థానిక రేడియోవాడు మైకు మూతి ముందు పెడితే విట్లాక్ జాగ్రత్తగా అన్నాడు: "మేమున్న చోట మేం సంతోషంగానే ఉన్నాం."

కంచె దగ్గర చప్పట్లు మోగాయి. ఆ రెండేళ్ళలో ఆ మాట అన్న కాలేజీలన్నీ నెల తిరక్కుండానే మూటాముల్లె సర్దుకున్నాయి మరి.

గురువారం సాయంత్రం మిలో వంటింట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. "రేపు అందరిముందూ నిజం చెప్పేస్తానే. నా మచ్చ దాచుకోబోయి ఊరినే పిచ్చిదాన్ని చేశాను."

"చెప్పు. గడ్డి పోయినా నీ మాట పోకూడదు," అంది డార్లీన్. అతని మంచి చొక్కా ఇస్త్రీ చేయడానికి లేచింది.

శుక్రవారం పాలకమండలి వాళ్ళు తొమ్మిదిమంది మైదానం మధ్యకొచ్చి నిలబడ్డారు. మిలో టోపీ చేతిలో పట్టుకున్నాడు. "అయ్యా, అమ్మా, ఇక్కడ గడ్డికి జబ్బు చేసింది. మీకు కనపడకూడదని పచ్చరంగు కొట్టాను. వచ్చినామె గడ్డి డాక్టరు. ఇందులో ఏ కూటమీ లేదు."

పాలకమండలి పెద్ద ఎడ్నా స్టూబెన్ అతని భుజం తట్టింది. ఎనభై ఏళ్ళ రైతు, గడ్డి తెలిసిన మనిషి. "రహస్యం కాపాడటమంటే నీలాగే కాపాడాలి, మిలో. గడ్డి డాక్టరట. బాగా కుదిరింది."

"నిజమేనమ్మా."

"నిజమేలే. అలాగే చెప్పు, ఎవరడిగినా."

అప్పుడే విట్లాక్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. మధ్యమైదానాల కూటమి వాళ్ళు మూడు రోజులుగా నిద్రపోలేదట. కొంగలు ఎగిరిపోతాయని హడలిపోయి పొద్దున్నే ఫోన్ చేశారట. పదేళ్ళు కూటమి వదలబోమని రాసిస్తే చాలు, దేశమంతా టీవీలో చూసే తొలి ఆట ఈసారి హార్లోలోనే. ఇంకో ఏడు వారాల్లో.

"ప్లాస్టిక్ పరచడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అడిగింది ఎడ్నా.

"నాలుగు నెలలు," అన్నాడు విట్లాక్. ముఖంలో వెలుగు కాస్త తగ్గింది.

"దేశమంతా చూస్తుంటే తవ్విన నేల చూపిస్తామా?" ఆమె వంగి గడ్డిని అరచేత్తో నిమిరింది. ఎండిన పచ్చరంగు పొడిగా చేతికంటింది. తుడుచుకోలేదు. "ఇంత మంచి గడ్డిని పీకేద్దామని ఎవరన్నారు అసలు?"

ఎవరూ అనలేదన్నట్టు అందరూ తలాడించారు. విట్లాక్ మరీ గట్టిగా ఆడించాడు. ఆ ఒప్పందం పదేళ్ళది కాబట్టి గడ్డి కూడా పదేళ్ళుండాలని ఎడ్నా అక్కడికక్కడే రాయించింది. హెర్షెల్ నీలం టోపీ జేబులో కుక్కుకుని, మొదట్నుంచీ తను చెప్పింది ఇదేనని ఫోరంలో రాశాడు. ఎవరూ కాదనలేదు.

జనం వెళ్ళిపోయాక మిలో బూట్లు విప్పి మైదానమంతా ఒక చుట్టు తిరిగాడు. అరికాళ్ళ కింద నేల చల్లగా, మెత్తగా ఉంది. ఆ నడకలో ఉన్నవాణ్ణి విట్లాక్ కేకేసి ఆపాడు.

"ఒక చిన్న షరతు ఉంది, మిలో. కూటమి వాళ్ళు ఇంకెవరికీ అనుమానం రాకూడదంటున్నారు. కంకి మళ్ళీ వేయాలి. అదే చోట. ఈసారి రెండింతలు పెద్దది."

మిలో బూట్లు తొడుక్కున్నాడు. తర్వాత డాక్టర్ ఆబ్‌షైర్‌కు ఫోన్ చేసి, ఇంకోసారి రావాలని బతిమాలి, ఈసారి మాత్రం బస్సులో రమ్మన్నాడు.