సోషల్ పేపరుకు వేసిన తాళం

తొమ్మిదింటికల్లా పేపరు ఆఫీసులో ఇచ్చేసి, పదింటికి పరీక్ష మొదలుపెట్టించి, ఆ తర్వాత తీరిగ్గా ఒక చాయ్ తాగాలని రాఘవేందర్ సారు ఆ పొద్దున ఇంటి దగ్గరే అనుకుని బయలుదేరాడు. మేడ్చల్ డిపో వెనక ఉన్న ప్రైవేటు బడిలో ఆయన పన్నెండేళ్లుగా సోషల్ చెబుతున్నాడు. కిందటేడు ఆయన తయారుచేసిన హాఫ్ ఇయర్లీ పేపరు ముందురోజే సుచిత్ర చౌరస్తా దగ్గర బయటపడింది. కరస్పాండెంట్ పట్టాభిరామయ్య స్టాఫందరి ముందూ ఆయన్ని దొంగ అన్నాడు. "ఈసారి గూడ లీకైతే నీ నౌకరీ ఊడ్తది" అని కూడా అన్నాడు. నౌకరీ సంగతి అటుంచి, ఆ మొదటి మాట ఏడాదిగా రాఘవేందర్‌కు మింగుడుపడలేదు.

అందుకే ఈసారి పేపరు సొంత లాప్‌టాప్‌లో తానే టైపు చేసుకున్నాడు. కంప్యూటర్ సారు జాహిద్ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌తో ఫైలును ఎన్‌క్రిప్ట్ చేసి, ఎవరూ ఊహించలేని పాస్‌వర్డ్ పెట్టాడు. ఎక్కడా రాసుకోలేదు. అది రాసుకోదగ్గ మాట కూడా కాదు.

ఆఫీసులో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పే.

"ఏందయ్యా, తెరుస్తవా లేదా?" అన్నాడు పట్టాభిరామయ్య.

"నిన్న మంచిగనే పడ్డది సార్..."

అటెండర్ ఓదెలు గోడకున్న తాళాల బోర్డంతా వెతికొచ్చి, "డూప్లికేటు తాళంచెవి గిండ్ల లేదు సార్" అన్నాడు.

పది దాటింది. పిల్లలు అట్టలు పట్టుకుని ఎండలో కూర్చున్నారు.

"నాకు సమజైంది. ఈసారి గూడ అమ్ముకున్నవు. తెరిస్తే దొరుకుతవని గీ నాటకం!" అని పట్టాభిరామయ్య బల్ల గుద్దాడు.

రాఘవేందర్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో జాహిద్ పరుగున వచ్చాడు. "పరేషాన్ గాకుండ్రి సార్. పాస్‌వర్డ్ చెప్పుండ్రి, నేను కొడ్త."

"వద్దు. నేనే కొడ్త."

"చెప్తవా, ఇంటికి పోతవా?" అన్నాడు పట్టాభిరామయ్య.

రాఘవేందర్ నేలచూపులు చూస్తూ గొణిగాడు. "పట్టాభి దొంగ. ఇంగ్లిషు అక్షరాల్ల, నడుమ జాగ లేకుంట."

ఓదెలు బోర్డువైపు తిరిగి, సర్దినవే మళ్లీ సర్దసాగాడు. జాహిద్ నవ్వును దగ్గులోకి మార్చి, ఆ అక్షరాలు కొట్టాడు. అదీ తప్పే. పరువు పోయింది, నౌకరీ పోయినట్టే, ఫైలు మాత్రం తెరుచుకోలేదు.

"సార్, పేపరు తెలుగుల కొట్టిండ్రు గద? పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు తెలుగు టైపు బంద్ జేసిండ్రా?" అని జాహిద్ అడిగాడు.

చేయలేదు. తెరమీద కనిపించేవి చుక్కలే కాబట్టి ఏ అక్షరాలు పడ్డాయో ఆయనకు తెలియనే లేదు. తెలుగు టైపు ఆన్ చేసి అవే మీటలు నొక్కితే ఫైలు బుద్ధిగా తెరుచుకుంది.

పేపరు ప్రింటుకు పోయింది. పట్టాభిరామయ్య మిగతా ఇద్దరినీ బయటికి పంపి తలుపు మూశాడు. రాజీనామా రాయడానికి రాఘవేందర్ జేబులో పెన్ను తడుముకుంటుంటే, తనే కుర్చీ లాగి కూర్చోమన్నాడు.

"నీకెవలు చెప్పిండ్రు?"

"ఏంది సార్?"

"సుచిత్రల మా బామ్మర్ది ట్యూషన్ సంగతి. కిందటేడు పేపరు పంపింది నేనే అని. అంత తెల్సి గూడ ఏడాది సంది నోరు మెదపలే. మంచోనివి రాఘవేందర్! ఇగ పరీక్షల ఇన్‌చార్జివి నువ్వే. పేపర్లన్నీ నీ తాన్నే పెట్టు. తాళం వేసే ముందు ఒక కాపీ నాకియ్యి."

రాఘవేందర్‌కు ఏమీ తెలియదు. తనను దొంగ అన్నవాణ్ని అదే మాటతో తిట్టుకోవాలని ఉక్రోషంకొద్దీ పెట్టిన పాస్‌వర్డ్ అది. ఇప్పుడే స్టాఫందరినీ పిలిచి ఈ మాట వాళ్ల ముందు చెప్పించాలనిపించింది. లేవబోయాడు కూడా. ఈ వయసులో ఇంకో బడిలో నౌకరీ ఎవరిస్తారన్న ఆలోచన వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"సరే సార్" అన్నాడు. అన్నాక తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ ఏడు ఆ బడిలో ఏ పరీక్షలోనూ ఒక్క పిల్లవాడూ తప్పలేదు.