తల్లి చేపకు పట్టా ఉందా?

లోకంలో పుట్టే ప్రతి ప్రాణికీ బతికే హక్కు ఉంది. కాకపోతే ముందు ఆఫీసులో చెప్పి బతకాలి.

మా మనవరాలు చేపపిల్లల కేంద్రంలో పనిచేస్తుంది. అక్కడి నిబంధన ప్రకారం గుడ్లున్న ప్రతి తొట్టెలోనూ క్రిములు చేరకుండా మందు పోయాలి. పోయకపోతే ఆ గుడ్లను కాలవలోకి వదిలేయాలి (శుభ్రత కోసమట). ఈ పిల్ల ఒక తొట్టెకు మందు పోయనంది.

"అమ్మమ్మా, తల్లి చేప పచ్చసొనలోనే ఒకరకం ప్రోటీన్లు పెట్టి పంపిస్తుంది. లోపలి పిల్లకు అదే తిండి. క్రిములొస్తే వాటిని పట్టుకుని చంపేదీ అదే."

"అన్నం మూట కట్టి, చేతికి కర్ర కూడా ఇచ్చి పంపినట్టన్నమాట!"

"అంతే. కానీ మందు పోయకుండా ఉంచడానికి అనుమతి రాకపోతే మొత్తం కాలవపాలే."

నాకు వేరే పనేముంది కనుక, అనుమతులిచ్చే ఆఫీసుకు తోడు వెళ్లాను. ఆహార విభాగంలో ఆవిడ తల కూడా ఎత్తకుండా, "క్రిముల్ని చంపితే అది మందమ్మా, పక్కగదికెళ్లండి" అంది. పక్కగది ఔషధ విభాగం. అక్కడాయన, "పచ్చసొన తిండి కదండీ, పక్కగదికెళ్లండి" అన్నాడు. రెండు గదుల మధ్య ఒక బల్ల ఉంది. (ఆ ఆఫీసులో తన పని తాను చేసేది అదొక్కటే.)

చివరికి పెద్ద అధికారి దగ్గరికి పంపారు. ఆయన్ని అందరూ రేపుగారంటారు.

"మందు వేసిందెవరు?"

"తల్లి చేపండీ" అంది మనవరాలు.

"ఆవిడకు వైద్యం పట్టా ఉందా?"

"లేదండీ."

"మరి ఏ ధైర్యంతో వేసింది? రేపు ఆవిడ్నే రమ్మనండి."

మర్నాడు బకెట్టులో తీసుకెళ్లాం. గుమ్మం దగ్గర బంట్రోతు అడ్డుపడ్డాడు.

"పెద్దమ్మా, ఎవరైనా సరే వరుసలో నిలబడాల్సిందే."

"నిలబడలేదు నాయనా, ఈదుతుంది."

"అయితే మీతోపాటు వృద్ధుల వరుసలో పెట్టండి."

రేపుగారి ఎదుట చేప నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఆయన మధ్యలో అడ్డు తగలకుండా అంతా విన్నారు. "మీరు చెప్పింది పరిశీలిస్తామమ్మా" అన్నారు. (నా మోకాళ్ల గురించి నేను చెప్పబోతే మాత్రం గడియారం చూశారు.)

పరిశీలన నిదానంగా సాగింది. అది పూర్తయి తనిఖీ అధికారి వచ్చేసరికి తొట్టెలో గుడ్లు లేవు. నూలుపోగుల్లాంటి పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఈదుతున్నాయి.

"గుడ్లేవమ్మా?" అన్నాడాయన.

"ఇవేనండీ!" మనవరాలి ముఖం వెలిగిపోతోంది.

"ఇవి పిల్లలు. నాకు అప్పగించాల్సింది గుడ్లు."

గుడ్లు ఏమయ్యాయో సంజాయిషీ ఇమ్మని వెంటనే నోటీసు వచ్చింది. (వెంటనే వచ్చింది అదొక్కటే.)

"ఏం రాయమంటావే అమ్మమ్మా?"

"ఉన్నమాటే రాయవే. పెరిగాయని."

రాసి పంపింది. పెరగడం అనే గడి వాళ్ల ఫారంలో లేదట. నష్టం కింద వేసుకున్నారు.