ఇయర్‌ఫోన్లు చల్లగా ఉండాలి!

“ఈ పిల్ల చెవుల్లో ఆ తీగలు ఏదో ఒకనాడు పాతుకుపోతాయి. ఆపరేషన్ చేసినా ఊడిరావు. అప్పుడు దీన్ని ఎవడు చేసుకుంటాడు?”

మొన్న పొయ్యి దగ్గర కూర్చుని ఈ మాట పైకే అనేశాను. ఇంట్లో ఉన్నది నేనూ, మా అమ్మాయి హిలీనా. హిలీనా తల తిప్పలేదు. తిప్పదు కదా, చెవుల్లో తీగలు!

అది తొందరలో అన్నమాట. తర్వాత నింపాదిగా ఆలోచించాను. నేను ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్నే, కానీ ఆలోచించడానికి ఎనిమిది చాలు. తేలిందేమిటంటే, ఆడపిల్లల తల్లులకు ఇయర్‌ఫోన్లంత మేలు చేసిన వస్తువు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు!

నవ్వకండి. ముందు వినండి. నా మాట వినేవాళ్ళు ఇంట్లో ఎలాగూ లేరు, మీరైనా వినండి.

మా దెస్సీ ఊళ్ళో పొద్దు వాలితే కొండ మీంచి దుమ్ములగొండ్లు కూస్తాయి. ఆ కూతకు నా గుండె జారి పాదాల్లోకి వస్తుంది. హిలీనా వాళ్ళ నాన్న తోలే లారీ ఏ లోయలో ఉందో, బ్రేకులు పడుతున్నాయో లేదో, అన్నీ ఆ ఒక్క కూతలోనే వినిపిస్తాయి నాకు. మా అమ్మాయికి ఏమీ వినిపించదు. ఇద్దరం పడాల్సిన భయం నేనొక్కదాన్నే పడితే సరిపోతోంది. ఇంటికి ఎంత కలిసొచ్చిందో చూడండి!

పోనీ, పరువు సంగతి? కిందటేడు వెనకవీధిలో ఒక పెద్దాయన పోతే పలకరింపుకి వెళ్ళాం. హిలీనా తెల్ల శాలువా తల నిండా కప్పుకుని, నేల చూస్తూ, మెల్లగా తల ఊపుతూ కూర్చుంది. “ఎంత దుఃఖపడుతోందమ్మా బిడ్డ! సొంత తాత పోయినా అంత ఏడవరు” అని ఆ ఇంటి కోడలు నన్ను పట్టుకుని మళ్ళీ ఏడుపు అందుకుంది. శాలువా కింద ఏ పాట మోగుతోందో నాకు తెలుసు. పెళ్ళిళ్ళలో భుజాలెగరేసి ఆడే పాట! నేనూ ఏడ్చాను, శాలువా జారిపోతుందేమోనని. ఆ రోజు నుంచి మా అమ్మాయి అంత బుద్ధిమంతురాలు పేటలో లేదని పేరు. ఇయర్‌ఫోన్లు లేకపోతే ఈ పేరు వచ్చేదా?

ఇక వ్యక్తిత్వం. ఇది కొత్తగా వచ్చిన మాట. మా కాలంలో ఉండేది కాదు, ఉన్నా మాకు చెప్పలేదు. హిలీనా పన్నెండో తరగతిలో ఉండగా వాళ్ళ టీచరమ్మ నన్ను బడికి పిలిచి, “మీ అమ్మాయిది అంతర్ముఖమైన వ్యక్తిత్వం” అంది. “మందులతో తగ్గుతుందా మేడమ్? అడిస్ అబాబా తీసుకెళ్ళాలా?” అని అడిగాను. ఆవిడ నవ్వింది. డాక్టర్లు కూడా చెడ్డ కబురు చెప్పేముందు అలాగే నవ్వుతారు కాబట్టి నాకు ఇప్పటికీ అనుమానమే.

స్నేహితులు లేరంటారా? ఉన్నారు! ఫోజియా అని ఒక బంగారుతల్లి. ఆదివారం ఆదివారం వస్తుంది. ఇద్దరూ గదిలో మంచమ్మీద కూర్చుంటారు. ఇయర్‌ఫోన్ల తీగ ఒక కొస దీని చెవిలో, ఇంకో కొస దాని చెవిలో. నేను తలుపు బయట పేలాల గిన్నె పట్టుకుని నిలబడి వింటాను. మాట లేదు, పలుకు లేదు. పోట్లాడుకున్నారా? ఊపిరాడుతోందా? బొగ్గుల కుంపటి లోపల పెట్టానా ఏమిటి? తలుపు తోసి చూస్తే ఇద్దరూ గోడకానుకుని చిరునవ్వులు నవ్వుతూ ఉంటారు. చీకటి పడుతుండగా ఫోజియా లేచి చెప్పులేసుకుంటూ, “అబ్బ, ఎంత బాగా గడిచిందో పిన్నీ!” అంటుంది. ఏం గడిచిందమ్మా? ఎక్కడ గడిచింది? నేను ఇక్కడే ఉన్నానే, నాకు కనిపించలేదే!

అయినా తప్పు పట్టను. మాట్లాడుకుంటే మాటామాటా పెరుగుతుంది. తీగ పంచుకుంటే ఏం పెరుగుతుంది?

ఇంత మేలు అనుభవిస్తుండగా హిలీనాకి యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఎక్కడ? గంబేలాలో. సర్కారు ఎక్కడ వేస్తే అక్కడికి పోవాల్సిందే. మా చలికొండ మీంచి దిగి, దేశం ఆ చివరకి, ఉడుకెత్తే ఊరికి, మొసళ్ళున్న ఏటి ఒడ్డుకి! మొసలి సంగతి సరే, అది వెనకనుంచి వస్తే దీనికి వినపడదు, వినపడకపోతే భయం లేదు. నా భయమల్లా మనుషుల గురించే. ఒక్కో గదిలో ఎనిమిది మంది ఆడపిల్లలట. ఎనిమిది మందిలో నోరు తెరవని పిల్లకి ఇంజెరా రొట్టె ముక్క మిగులుతుందా? జ్వరం వస్తే ఎవరికి చెప్పుకుంటుంది? తీగకా?

రేపు ప్రయాణమనగా సాయంత్రం ఇరుగుపొరుగుని కాఫీకి పిలిచాను. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, కాఫీ గింజలు వేయించాను. మట్టి కూజా కుంపటి మీద పెట్టి, పోయడానికి హిలీనాని కూర్చోబెట్టాను. పోసేది ఇంటి ఆడపిల్లే కదా. తీగలతో సహా వచ్చి కూర్చుంది.

ఎదురింటి జెనెబెచ్ పెద్దమ్మ మొదటి కప్పు అందుకుంటూనే అడిగింది. “ఏమే పిల్లా, వెళ్ళిపోతున్నావు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా, నీ మనసేమిటో తెలీలేదు. నీకు సరదా అయిన సాయంత్రం అంటే ఏమిటో చెప్పి వెళ్ళు.”

హిలీనా కూజాలో నీళ్ళు పోసుకుంటోంది. తల ఊగుతోంది.

“గోడనడగండి పెద్దమ్మా, అదైనా చెబుతుంది” అన్నాడు దర్జీ సీద్.

“నువ్వు కుట్టిన జాకెట్టులాగే ఉన్నాయి నీ మాటలు, ఎక్కడా పట్టవు. తాగు” అంది పెద్దమ్మ.

రెండో కప్పు వచ్చింది, దాన్ని మేం తోనా అంటాం. కబుర్లు ఊపందుకున్నాయి. టెఫ్ పిండి ధర, మునిసిపాలిటీ తవ్వి వదిలేసిన గొయ్యి, సీద్ నడుంనొప్పి, ఆ నొప్పికి పెద్దమ్మ చెప్పిన వైద్యం, ఆ వైద్యానికి పోయిన ఇద్దరి పేర్లు. ఆ తర్వాత అందరం హిలీనా మీద పడ్డాం. పక్కనే కూర్చుని ఉన్నా మొహమాటం లేదు. వినదు కదా! ఇయర్‌ఫోన్ల గొప్పతనం మళ్ళీ మళ్ళీ చెప్పుకోవాలి.

“అసలు మనుషులంటేనే పడదేమో దీనికి” అన్నాను నేను. నోరు ఒకసారి తెరుచుకుంటే నాకు మూయడం చేతకాదు. “నేనంటేనే పడదేమో పెద్దమ్మా. అక్కడికి పోయాక ఫోన్ కూడా చెయ్యదు. ఈ ఇంటినుంచి తప్పించుకున్నాననుకుంటుంది.”

“ఛ, ఊరుకో ఎటెనెష్. కడుపున పుట్టిన బిడ్డనంత మాట అంటావా” అంది పెద్దమ్మ. కానీ కాదని మాత్రం అనలేదు. నేను గమనించాను.

మూడో కప్పు బెరెకా. అది దీవెన. అది తాగి, దీవించి, లేచి పోవడమే. పెద్దమ్మ చేతులెత్తి, “దారి చల్లగా ఉండాలి, చదువు నిలవాలి” అంటూ మొదలుపెట్టేసరికి మా అమ్మాయి కూజాలో మళ్ళీ నీళ్ళు పోసి కుంపటి మీద పెట్టేసింది!

నేను కళ్ళెగరేశాను. దగ్గాను. గడ్డిపరక విసిరాను. తల ఊపుకుంటూ నాలుగో విడత కప్పుల్లోకి వంచేసింది. పోసిన కప్పు వద్దని లేచిపోతే మా దగ్గర ఆ ఇంటిని తిట్టినట్టే. ఎత్తిన చేతులు దించుకుని పెద్దమ్మ మళ్ళీ కూర్చుంది.

“పెద్దమ్మా, నాలుగోదానికి పేరేమిటి?” అని మెల్లగా అడిగాడు సీద్.

“పేరు లేదు. తాగు.”

అది కాఫీ కాదు, కాఫీ కడిగిన నీళ్ళు. తాగాం. మాట్లాడదామంటే టెఫ్ ధర అయిపోయింది, గొయ్యి అయిపోయింది, సీద్ నడుం కూడా అయిపోయింది. ఇరవై ఏళ్ళ ఇరుగుపొరుగు, మాట మిగల్లేదు! మొదట అందరం గడ్డి వైపు చూశాం. తర్వాత కుంపటి వైపు. కుంపట్లో బొగ్గు చిటపటలాడింది. సాంబ్రాణి పొగ కిటికీ దాకా వెళ్ళి అక్కడే ఆగింది. పెద్దమ్మ గోడకానుకుని కాళ్ళు చాపుకుంది. సీద్ చెప్పులు విడిచేశాడు. నేను ఏదో భయపడదామని చూశాను, ఎందుకో ఒక్కటీ తట్టలేదు. చాలాసేపు అలాగే ఉండిపోయాం.

అప్పుడు హిలీనా రెండు చెవుల్లోవీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇదే పెద్దమ్మా” అంది. “అడిగావుగా, సరదా సాయంత్రం అంటే ఏమిటని. ఇదే. మీరంతా ఉండాలి. అమ్మ పక్కన కూర్చోవాలి. మీ మాటలు అయిపోవాలి. మూడు కప్పులకి మీకు ఎప్పుడూ అయిపోవు. అందుకే ఇవాళ నాలుగోది పెట్టాను.”