నాలుగో సాలు

ఆ పొద్దున కోటేశ్వరి అనుకున్నది చిన్న పని. పిల్లాణ్ణి వేపచెట్టుకు కట్టిన ఉయ్యాల్లో పడుకోబెట్టి, వాడు లేచేలోగా పుచ్చ చేలో కలుపు తీసి వెళ్ళిపోవాలి. మిరప తెగుళ్ళకు పోయాక ఈ ఏడు ఇంటికి మిగిలిన పంట ఆ గింజ లేని పుచ్చ ఒక్కటే. నారు నాటించింది భర్త యలమంద. అప్పటికి ఆమె పుట్టింట పురిటి మంచం మీద ఉంది.

ఓ కన్ను ఉయ్యాల మీదే ఉంచి కలుపు తీస్తుంటే, నాలుగో సాలు తేడాగా కనిపించింది. ఆకులు సన్నగా చీలి ఉన్నాయి. ఎనిమిదో సాలూ అంతే.

"అత్తయ్యా, ఇవి మన మొక్కలేనా?"

అత్తగారు వెంకటరావమ్మ ఒక్క ఆకు చూసి కేకేసింది. "కల్తీ నారు! నర్సరీ పానకాలు అంటగట్టాడే మనకు!"

"ఉండండి, ఆయన్నడుగుదాం" అని కోటేశ్వరి ఫోన్ చేసింది. ఎవరిదో పత్తి లోడు కిరాయికి తోలుకుని చిలకలూరిపేట వెళ్ళిన యలమంద ఎత్తలేదు. ఈలోగా అత్తగారు సగం సాలు పీకేసింది.

కేకలకు పక్క చేను బుల్లయ్య గట్టెక్కాడు. అతని మామూలు పుచ్చ తీగలు గట్టు దాటాయని వెంకటరావమ్మ కొడవలితో నరికినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కల్తీ అనగానే అదంతా మరిచాడు.

"పీకెయ్ వదినా! ఒక్కటి ఉంచావా, చేనంతా నాశనం!" అంటూ తనూ దిగాడు.

పిల్లాడు లేచి ఏడ్చేసరికి తేడా మొక్క ఒక్కటీ మిగల్లేదు. బుల్లయ్య ఆ కుప్పను ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు. మధ్యాహ్నానికి సగం ఊరు నర్సరీ గేటుకు అడ్డంగా కూర్చుంది.

గేటు ముందు తెచ్చి పోసిన కుప్పను చూసి పానకాలు తల పట్టుకున్నాడు. "అమ్మా, మామూలు పుచ్చకు క్రోమోజోములు రెండు సెట్లు. దీనికి మూడు. సమంగా పంచుకోలేక గింజ కట్టదు, పుప్పొడీ పనికిరాదు. పుప్పొడి తగలకపోతే కాయే పడదు. అందుకే ప్రతి నాలుగో సాలూ పుప్పొడి కోసం మామూలు రకం పెట్టించా. మీ అబ్బాయికి చెప్పానుగా!"

"మరి ఇప్పుడు కాయ?" అడిగింది కోటేశ్వరి.

"దగ్గర్లో మామూలు పుచ్చ ఉంటే మగపూలు తెచ్చి మీ ఆడపూలకు రుద్దాలి. లేదా, పంట మీద ఆశ వదులుకోవాలి."

అందరూ బుల్లయ్య వైపు చూశారు.

మర్నాటి నుంచి కోటేశ్వరి పిల్లాణ్ణి చంకనేసుకుని బుల్లయ్య చేలో పూలు కోసుకొచ్చి రుద్దింది. వెంకటరావమ్మ అతని తీగలను రెండు చేతులా గట్టు ఇవతలికి లాక్కుంది. కాయ నిలిచింది.

కోతనాడు, "నీ రుణం ఎట్లా తీర్చుకోమంటావయ్యా?" అని ఆమే అడిగింది.

"రుణమేంటి వదినా! కాయ అద్భుతంగా ఉంది. వచ్చే ఏటికి నాకో దోసెడు గింజలు దాచిపెట్టు, చాలు."

వెంకటరావమ్మ వెంటనే మాటిచ్చింది.